పనికి రాకుండా పోయిన నగర నిర్మాణాన్ని పేట పార్కుగా మార్చడం: కాలనీ సంఘాలకు సమగ్ర మార్గదర్శి

పంపులు ఆగిపోయిన ఫిల్టర్ బెడ్లు, పెచ్చులూడుతున్న ఓవర్‌హెడ్ ట్యాంకులు, పట్టాలు తీసేసిన రైల్వే సైడింగులు (గూడ్సు బండ్లు నిలిపే పక్క లైన్లు), పూడిపోయిన మెట్లబావులు, నిండిపోయి మూసేసిన చెత్త యార్డులు మన నగరాల్లో చాలా పాత పేటల్లో కనిపిస్తాయి. వీటిలో ఎక్కువ భాగం ఒకప్పుడు ప్రజల సొమ్ముతో కట్టినవే. ఇప్పుడు గజం స్థలం కూడా కొనలేని చోట, ఇళ్ల మధ్యలో, ప్రహరీ గోడల వెనక తుమ్మచెట్లు మొలిచి పడి ఉన్నాయి. కొత్త పార్కుకు భూమి లేదని మున్సిపాలిటీ చెప్పే పేటల్లో పిల్లలకు, ముసలివాళ్లకు కాస్త నీడ దొరకాలంటే ఈ స్థలాలే దిక్కు.

అటువంటి స్థలాన్ని చేతిలోకి తీసుకుని పార్కుగా నిలబెట్టాలనుకునే కాలనీ సంఘాల కోసం, వార్డు కమిటీల కోసం ఈ మార్గదర్శి. మొక్కలు నాటడం ఇందులో చాలా ఆలస్యంగా వస్తుంది. స్థలం ఎవరిది, నేలలో ఏముంది, కట్టడం ఎంత బరువు మోయగలదు, పదేళ్ల తర్వాత తోటమాలి జీతం ఎవరిస్తారు అనే నాలుగు ప్రశ్నలకు కాగితం మీద జవాబు దొరికాకే గునపం పట్టాలి. ఈ వరుస తలకిందులైన చోట ప్రారంభోత్సవం ఘనంగానే జరుగుతుంది, కానీ రెండో వేసవికల్లా గేటుకు తాళం పడుతుంది.

మొదటి అడుగు: అక్కడ ఇప్పటికే ఎవరున్నారో చూడడం

ఖాళీగా ఉందని మనం అనుకునే స్థలం నిజానికి ఖాళీగా ఉండదు. పొద్దున చెత్త ఏరుకునేవారు మూటలు విప్పుకుంటారు, మధ్యాహ్నం ఎవరో గేదెలు కట్టేస్తారు, సాయంత్రం పిల్లలు క్రికెట్ ఆడతారు, గోడ పక్కన తోపుడు బళ్లు నిలుస్తాయి, ఒక మూల చిన్న గుడో దర్గానో ఉంటుంది. తెల్లవారుజామున, మిట్టమధ్యాహ్నం, చీకటి పడ్డాక, ఆదివారం నాడు వేర్వేరుగా వెళ్లి, ఎవరు ఎక్కడ ఏం చేస్తున్నారో ఒక పటం మీద గుర్తించాలి. ఆడవాళ్లు ఏ గోడ పక్కన నడవడం మానుకుని చుట్టూ తిరిగి వెళుతున్నారో కూడా అందులో రాయాలి. రేపు దీపాలు, గేట్లు ఎక్కడ పెట్టాలో ఆ పటమే చెబుతుంది. వీధి వ్యాపారులకు 2014 నాటి చట్టం రక్షణ కల్పిస్తుంది కాబట్టి వాళ్లను పార్కు పేరుతో తరిమేయడం అన్యాయమే కాదు, చట్టవిరుద్ధం కూడా కావచ్చు. గేటు ముందు వాళ్ల బళ్లకు చోటు చూపిస్తే చీకటి పడ్డాక పార్కు మీద నాలుగు కళ్లు ఉంటాయి.

ఈ అడుగును ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదని చెప్పడానికి న్యూయార్క్ నగరంలోని హై లైన్ కంటే పెద్ద ఉదాహరణ లేదు. 1934లో మొదలై 1980లో చివరి గూడ్సు బండి నడిచిన ఆ ఎత్తయిన రైలు మార్గాన్ని కూల్చేయకుండా కాపాడాలని 1999లో ఇద్దరు స్థానికులు, జాషువా డేవిడ్, రాబర్ట్ హామండ్, ఒక సంఘం పెట్టారు. 2001 చివర్లో నగర పాలన కూల్చివేతకే మొగ్గు చూపినా ఆ తర్వాత వచ్చిన మేయర్ హయాంలో పరిస్థితి మారింది. 2005లో రైల్వే కంపెనీ ఆ కట్టడాన్ని నగరానికి దానంగా ఇచ్చింది. 2009లో మొదటి భాగం ప్రజలకు తెరుచుకుంది. ప్రపంచమంతా మెచ్చుకున్న ఆ పార్కు పక్కనే ప్రభుత్వ గృహసముదాయాల్లో ఉండే పేద కుటుంబాలకు అది తమది అనిపించలేదు. చుట్టుపక్కల అద్దెలు, ధరలు ఆకాశాన్నంటాయి. ఆ కుటుంబాలకు ఏం కావాలో ముందే అడగవలసిందని హామండ్ తర్వాతి కాలంలో బహిరంగంగానే ఒప్పుకున్నారు. పదేళ్లు శ్రమించిన మనుషులకే ఎదురైన లోటు ఇది.

కాబట్టి మొదటి సమావేశం కల్యాణ మండపంలో కాకుండా ఆ స్థలం గోడ పక్కనే, పనికి వెళ్లి వచ్చే వేళకు పెట్టాలి. పార్కులో ఏం కావాలని అడిగితే అందరూ వాకింగ్ ట్రాక్, జిమ్ అనే చెబుతారు. ఇప్పుడు సాయంత్రం మీరు, మీ పిల్లలు ఎక్కడ కూర్చుంటున్నారని అడిగితే అసలు అవసరం బయటపడుతుంది.

రెండో అడుగు: హక్కు కాగితాలు

మున్సిపాలిటీ గోడ ఉన్నంత మాత్రాన స్థలం మున్సిపాలిటీది కాదు. వాటర్ వర్క్స్ భూమి జలమండలి లేదా ప్రజారోగ్య ఇంజినీరింగ్ శాఖ పేరు మీద ఉండవచ్చు, సైడింగు రైల్వేది కావచ్చు, పాత బావి దేవాదాయ శాఖదో వక్ఫ్ బోర్డుదో కావచ్చు. ఒక్కోసారి దాత ఫలానా అవసరానికి మాత్రమే అని షరతు పెట్టి ఇచ్చినదై, ఆ అవసరం తీరాక వారసులు కోర్టుకెక్కిన సందర్భాలూ ఉంటాయి. టౌన్ సర్వే రికార్డు, ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) పటం, రిజిస్ట్రేషన్ శాఖ నుంచి ఈసీ (ఆ స్థలం మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీసుకుని మూడింటినీ పక్కపక్కన పెట్టి హద్దులు సరిచూడాలి.

దొరకని కాగితాలకు సమాచార హక్కు చట్టం, 2005 ఉంది. 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. అడగవలసినవి సూటిగా అడగాలి: భూసేకరణ అవార్డు (పరిహారం ఖరారు చేసిన ఉత్తర్వు) నకలు, సైట్ ప్లాను, కట్టడాన్ని వాడకం నుంచి తొలగించిన ఉత్తర్వు, ఆ స్థలం మీద నడుస్తున్న కోర్టు కేసుల వివరాలు, వేరే పనికి ప్రతిపాదన ఏదైనా ఉంటే దాని ప్రతి. చివరిది చాలామంది మరిచిపోతారు. ఏడాది కష్టపడ్డాక అదే స్థలంలో షాపింగ్ కాంప్లెక్సుకు ఫైలు కదులుతోందని తెలిస్తే సంఘం చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది.

యాజమాన్యం మార్పించుకోవడానికి ప్రయత్నించవద్దు. భూమి ప్రభుత్వ శాఖ పేరు మీదే ఉంచి, పార్కు వినియోగానికి కౌన్సిల్ తీర్మానం, సంఘంతో నిర్వహణ ఒప్పందం చేయించుకోవడం సులభం, క్షేమం. మాస్టర్ ప్లానులో ఆ స్థలాన్ని పార్కుగా లేదా వినోద జోన్‌గా నమోదు చేయించడం మాత్రం తప్పనిసరి. పార్కుగా కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇవ్వడాన్ని బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు 1991లో కొట్టేసింది. పేట జనం ఆ తీర్పు ఆసరాగా నిలబడాలంటే పార్కు అన్న మాట ప్లానులో ముందే ఉండాలి.

మూడో అడుగు: నిజంగా పని ఆగిపోయిందా?

ఇది చిన్న అడుగే అయినా ప్రాణాల మీదకు రాగలది. పైన ట్యాంకు వాడకపోయినా కింద మెయిన్ పైపులో నీళ్లు పారుతుండవచ్చు, మూతబడ్డ పంపుహౌసు గుండా కరెంటు కేబుల్ ఇంకా వెళుతుండవచ్చు. నీటి, విద్యుత్, గ్యాస్, టెలికాం సంస్థల నుంచి విడివిడిగా పటాలు తీసుకుని, తవ్వే ముందు లైన్‌మన్‌ను దగ్గర నిలబెట్టుకుని గుర్తులు వేయించాలి. పాత మోటార్లు, ఇనుప పైపులు ప్రభుత్వ ఆస్తి కాబట్టి అధికారికంగా జాబితా రాయించి వేలం వేయించాలి. సంఘం వాళ్లు చేత్తో ముట్టుకోకూడదు.

నాలుగో అడుగు: కట్టడం ఎంత మోస్తుంది?

తడిసిన మట్టి ఘనపు మీటరుకు సుమారు 1,800 నుంచి 2,000 కిలోలు తూగుతుంది. అంటే ఒక పైకప్పు మీద 30 సెంటీమీటర్ల మందాన మట్టి పోస్తే చదరపు మీటరుకు దాదాపు 600 కిలోల బరువు. జనం గుమికూడే చోట్లకు ఇంజనీర్లు లెక్కలోకి తీసుకునే భారం చదరపు మీటరుకు సుమారు 500 కిలోలు. రెండూ కలిస్తే టన్ను దాటుతుంది. నీటి ట్యాంకు అడుగు పలక నాలుగు మీటర్ల లోతు నీటిని, అంటే చదరపు మీటరుకు 4 టన్నులను మోసి ఉండవచ్చు. దాని పైకప్పు మాత్రం ఎప్పుడైనా ఒకరిద్దరు ఎక్కి శుభ్రం చేసే బరువుకే కట్టి ఉంటారు. కట్టడమంతా గట్టిదని నమ్మి పైకప్పు మీద తోట వేయాలనుకునేవారు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

స్ట్రక్చరల్ ఇంజనీరు చేత రీబౌండ్ హ్యామర్ (సుత్తి వంటి పరికరంతో కొట్టి గట్టితనం చూసేది), అల్ట్రాసోనిక్ (ధ్వని తరంగాలు పంపి లోపలి లోపాలు చూసేది) పరీక్షలు, అవసరమైన చోట కోర్, అంటే గుండ్రటి కాంక్రీటు ముక్క, కోసి బలం చూడడం చేయించాలి. దగ్గర్లోని ఇంజనీరింగ్ కళాశాల సివిల్ విభాగాన్ని అడిగితే ఈ పరీక్షలు చాలాచోట్ల తక్కువ ఖర్చుతో అవుతాయి. వీటిలో ఒకటి సంఘం సభ్యులందరూ దగ్గరుండి చూడదగినది. కాంక్రీటు స్తంభం అంచున చిన్న ముక్క కొత్తగా పగలగొట్టి, ఆ తాజా ముఖం మీద ఫినాఫ్తలీన్ అనే, క్షారం తగిలితే రంగు మారే ద్రావణం చల్లుతారు. లోపలి భాగం క్షణాల్లో ముదురు గులాబీ రంగుకు తిరుగుతుంది, అంటే అక్కడ కాంక్రీటుకు క్షారగుణం ఇంకా ఉంది, లోపలి ఇనుముకు తుప్పు నుంచి రక్షణ ఉంది. బయటివైపు నుంచి రంగు మారకుండా మిగిలిన పట్టీ ఎంత వెడల్పుందో స్కేలుతో కొలిస్తే, గాలిలోని కార్బన్ డయాక్సైడు ఎంత లోతుకు చొరబడిందో తెలుస్తుంది. ఆ పట్టీ ఇనుప చువ్వల దాకా వచ్చిందంటే పైకి నున్నగా కనిపించే స్తంభం లోపల తుప్పు పట్టడం మొదలైందనే అనుమానించాలి. సున్నం, రంగు వేసి కప్పిపుచ్చే కాంట్రాక్టర్లకు అప్పుడు అవకాశం ఉండదు.

పరీక్షలో నెగ్గని భాగాన్ని నిలబెట్టాలని మొండికేయనక్కరలేదు. సిడ్నీ నగరంలో 1866 నాటి పాడింగ్టన్ జలాశయం పైకప్పులో కొంత భాగం 1990లో కూలిపోయింది. 2009లో ఆ స్థలాన్ని పార్కు చేసినప్పుడు కూలిన భాగాన్ని మళ్లీ కట్టకుండా ఆకాశానికి తెరిచి ఉంచి, నేల మట్టానికి కిందుగా పల్లపు తోట వేశారు. ఇటుక కమానులను, పాత దుంగ స్తంభాలను మిగిలిన వైపు అలాగే నిలిపారు. ఏది పడిపోయిందో దానినే తోటకు వెలుగు దారి చేసుకున్నారు. నాకు తెలిసిన ఇటువంటి పార్కుల్లో ఆలోచనకు, ఖర్చుకు ఇంతగా పొత్తు కుదిరినది మరొకటి లేదు.

ఐదో అడుగు: నేల పరీక్ష

చెట్లు పచ్చగా పెరుగుతున్నాయంటే నేల మంచిదని కాదు. పాత వర్క్‌షాపుల నేలలో సీసం, నూనెలు ఉంటాయి. ఆస్బెస్టాస్ రేకులు పగిలిన చోట ఆ నారలు మట్టిలో కలిసి ఉంటాయి. చెత్త యార్డు కింద మీథేన్ వాయువు ఏళ్ల తరబడి పుడుతూనే ఉంటుంది. స్థలాన్ని గళ్లుగా విభజించి, ప్రతి గడిలో పై పొర నుంచి, మీటరు లోతు నుంచి వేర్వేరుగా నమూనాలు తీసి, ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపాలి. పిల్లలు ఆడుకునే చోటు ఎక్కడ రాబోతోందో అక్కడ గళ్లు దగ్గర దగ్గరగా వేయాలి.

అమెరికాలోని సియాటిల్‌లో 1906 నుంచి 1956 వరకు బొగ్గు గ్యాసు తయారుచేసిన కర్మాగారాన్ని నగరం 1962లో కొన్నది. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు రిచర్డ్ హాగ్ తన కార్యాలయాన్ని ఆ స్థలంలోనే పెట్టి, తుప్పు పట్టిన బురుజులను కూల్చవద్దని జనాన్ని ఒప్పించాడు. విషపు మట్టినంతా లారీలకెత్తి వేరే ఊరి నెత్తిన పోసే బదులు, మురుగు శుద్ధి నుంచి వచ్చిన మడ్డి, రంపపు పొట్టు కలిపి దున్నించి, సూక్ష్మజీవుల చేత నూనెలను విరిచే పద్ధతిని అనుసరించాడు. పునాదుల శిథిలాలను కుప్పపోసి, పైన మంచి మట్టి కప్పి, ఇప్పుడు పిల్లలు గాలిపటాలు ఎగరేసే దిబ్బను తయారుచేశాడు. 1975లో తెరిచిన ఆ గ్యాస్ వర్క్స్ పార్కును కాలుష్య పరీక్షల కోసం 1984లో కొంతకాలం మూయవలసి వచ్చింది, ఆ తర్వాత కూడా శుద్ధి పనులు సాగుతూ వచ్చాయి. ఒకసారి శుభ్రం చేశాం, ఇక చింత లేదనుకునే నేలలు కావు ఇవి.

మన పేటల స్థాయిలో ఆచరించదగినది కప్పే పద్ధతి. కలుషితమైన నేల మీద గట్టి జియోటెక్స్‌టైల్ వస్త్రం (మట్టి పొరలు కలవకుండా ఆపే సింథటిక్ గుడ్డ) పరిచి, రంగు రంగుల ప్లాస్టిక్ వల ఒకటి హెచ్చరికగా వేసి, ఆపైన కనీసం 60 సెంటీమీటర్ల శుభ్రమైన మట్టి పోయాలి. రేపెవరైనా తవ్వితే ఆ వల కనబడి ఆగిపోతారు. కాలుష్యం తీవ్రంగా ఉన్నట్టు నివేదిక వస్తే ఈ పద్ధతి సరిపోదు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతితో నిపుణుల చేతే శుద్ధి జరగాలి. మరొక మాట గట్టిగా చెప్పాలి: వాన నీటి సంరక్షణ పేరుతో ఇటువంటి చోట ఇంకుడు గుంతలు తవ్వకూడదు. విషాన్ని కడిగి పేట మొత్తం తాగే భూగర్భ జలంలోకి దింపినట్టవుతుంది. వాన నీటిని పైపైనే కాలువ కట్టి బయటకు పంపాలి.

ఆరో అడుగు: పాత బావులైతే

మెట్లబావి కూడా ఒకనాటి నీటి సరఫరా వ్యవస్థే. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేటలో 17వ శతాబ్దపు బావి దశాబ్దాల పాటు చెత్తతో నిండి, పైకి కుప్పగా మాత్రమే కనిపించేది. ప్రభుత్వ శాఖలు, ది రెయిన్‌వాటర్ ప్రాజెక్టు అనే సంస్థ కలిసి 2021లో పని మొదలుపెట్టి, చెత్తంతా ఎత్తించి, రాతి మెట్లు, స్తంభాల వరుస బయటపడేలా చేసి, చుట్టూ తోట, ఆరుబయలు సభాస్థలం ఏర్పరచి 2022 డిసెంబరు 5న ప్రజలకు తెరిచారు. సుమారు 53 అడుగుల లోతున్న ఆ బావిలో మళ్లీ నీళ్లు నిలిచాయి.

ఇటువంటి పనిలో మూడు జాగ్రత్తలు ప్రాణం. పూడిక కింద హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి వాయువులు చేరి ఉంటాయి కాబట్టి గ్యాస్ డిటెక్టరు లేకుండా, నడుముకు తాడు లేకుండా ఎవరినీ దింపకూడదు. దీపం దింపి చూసే పాత అలవాటును నమ్ముకోకూడదు. బావిలోని నీటిని పెద్ద మోటార్లతో ఒక్క రోజులో తోడేయకూడదు. గోడల వెనక మట్టి నీటితో నిండి ఉండగా లోపలి నీరు ఒక్కసారిగా తగ్గితే ఆ ఒత్తిడికి రాతి గోడ లోపలికి ఒరుగుతుంది. రోజుకు కొంత చొప్పున దించుతూ, గోడ మీద గుర్తులు పెట్టి కదలిక గమనించాలి. మూడోది సిమెంటు. పాత రాతి కట్టుకు సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాలేక రాయి పొరలు పొరలుగా రాలుతుంది. డంగు సున్నం, ఇసుక గానుగలో నూరి, కరక్కాయ, బెల్లం నీళ్లతో కలిపి వాడే పద్ధతి తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు. వెతికి పిలిపించుకోవాలి. రాళ్ల సందుల్లో మొలిచిన రావి, జువ్వి మొక్కలను పట్టి లాగితే గోడ ఊడి వస్తుంది. కాండం కోసి, వేరు చచ్చేలా మందు పెట్టించి, ఎండాక సందు పూడ్చాలి.

ఏడో అడుగు: ముందు తెరిచి చూడండి, తర్వాత కట్టండి

భద్రమని తేలిన భాగాన్ని శుభ్రం చేసి, తాత్కాలిక కంచె, రెండు దీపాలు, అద్దెకు తెచ్చిన బల్లలతో ఆదివారాలు తెరవాలి. జనం ఏ దారిన నడిస్తే గడ్డి అరుగుతుందో అదే రేపటి కాలిబాట. ఎండ వేళ అందరూ చేరే గోడనీడే అసలు కూర్చునే చోటు. ఈ ప్రయోగానికి కొన్ని వేల రూపాయలు చాలు. ఆర్కిటెక్టు గీసే అందమైన బొమ్మ ఎన్ని లక్షలు పెట్టినా ఈ సంగతులు చెప్పలేదు. ముంబయిలోని మాటుంగాలో ఫ్లైఓవర్ కింది స్థలం ఆక్రమణలకు గురికాకుండా స్థానికులు ముందు కాపలా పెట్టుకుని, ఆ తర్వాత నగరపాలక సంస్థ చేత తోట వేయించుకున్నారు. 2016లో అది తెరుచుకుంది.

ఎనిమిదో అడుగు: డిజైను, నాటడం

స్థలం గతం కనబడాలి. పంపు, గేటు వాల్వు చక్రం, పట్టాల ముక్క, నీటి మట్టం కొలిచిన అంకెల బద్ద వంటివి ఉన్నచోటే ఉంచి, పక్కన రెండు వాక్యాల ఫలకం పెడితే చాలు, సిమెంటు జిరాఫీలు అవసరం లేదు. ర్యాంపు వాలు 12 అడుగులకు 1 అడుగు మించకూడదు, గేటు చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పుండాలి. మరుగుదొడ్డి, తాగునీళ్లు లేని పార్కుకు ఆడవాళ్లు, వృద్ధులు ఎక్కువసేపు రారు కాబట్టి జిమ్ పరికరాల కంటే ముందు వాటికి డబ్బు కేటాయించాలి.

హై లైన్ తోటను రూపొందించిన పీట్ ఔడాల్ఫ్, బండ్లు ఆగాక పట్టాల మధ్య తమంతట తామే మొలిచిన గడ్డిజాతుల స్ఫూర్తితోనే మొక్కలు ఎంచుకున్నాడు. మనమూ ముందు అక్కడ మొలిచినవాటిని చూడాలి. తంగేడు, ఉత్తరేణి, దర్భ, వావిలి బతుకుతున్న నేల ఎంత నీరు అడుగుతుందో అవే చెబుతాయి. లోతు మట్టి ఉన్నచోట వేప, కానుగ, నేరేడు, పొగడ వేయాలి. కట్టడానికి, పైపులకు దగ్గర్లో మర్రి, రావి, కోనోకార్పస్ వద్దు. పిల్లలు తిరిగే చోట గన్నేరు విషం కాబట్టి మానాలి. మృగశిర కార్తె వానలు పడ్డాక నాటి, రెండు వేసవులు నీళ్లు పోసే ఏర్పాటు రాతపూర్వకంగా ఉన్నప్పుడే మొక్కల సంఖ్య నిర్ణయించాలి. ఉన్న చెట్టు కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి కావాలి.

తొమ్మిదో అడుగు: నిర్వహణ సొమ్ము

నా దృష్టిలో మొత్తం పనిలో ఇదే కీలకం, అయినా అంచనాల్లో చివరి పేజీకి నెట్టేది దీన్నే. కట్టడానికి డబ్బు దొరుకుతుంది. కంపెనీల చట్టం, 2013 ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలి, ప్రారంభోత్సవ ఫలకం మీద పేరు పడే పనులకు అవి ముందుకొస్తాయి. తోటమాలి జీతానికి, కాలిపోయిన దీపానికి, మోటారు కరెంటు బిల్లుకు ఎవరూ ఫలకం అడగరు. అందుకే దాతతో ఒప్పందంలోనే మొదటి మూడేళ్ల నిర్వహణ ఉండాలని పట్టుబట్టాలి. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 బడ్జెట్‌లో 10 శాతం హరిత పద్దుకు కేటాయించమంటుంది. అందులో ఈ పార్కు పేరుతో విడి పద్దు రాయించుకోవాలి.

మూలనిధి, అంటే వడ్డీ మాత్రమే వాడుకునే డిపాజిట్, ఆలోచన ఉంటే లెక్క ఇలా చూడాలి: ఏడాది ఖర్చు 6 లక్షలు అనుకుంటే, 6 శాతం వడ్డీకి 1 కోటి రూపాయల డిపాజిట్ కావాలి, ధరల పెరుగుదలకు అదనంగా మరికొంత ఉండాలి. అంత మొత్తం పోగవదనుకుంటే పార్కు చిన్నదిగా గీయడమే నిజాయితీ. పారిస్‌లో 1969లో ఆగిపోయిన రైలు మార్గం పైన తోట వేసి, కింది కమానులను చేతిపనుల దుకాణాలకు అద్దెకిచ్చారు. మన పాత పంపుహౌసులో ఒక మహిళా సంఘం టీ, టిఫిన్ కొట్టు నడిపితే అద్దెతో పాటు రాత్రి దాకా మనుషుల సందడి వస్తుంది. ప్రవేశ రుసుము, ఫంక్షన్ల బుకింగు, ప్రకటన బోర్డులు మాత్రం వద్దని ఒప్పందంలోనే రాసుకోవాలి. ఒక్కసారి పెళ్లి విందుకు ఇచ్చిన పార్కు ఆ సాయంత్రం పేట పిల్లలది కాదు.

శాఖతో చేసుకునే నిర్వహణ ఒప్పందం కనీసం పదేళ్లది కావాలి. కట్టడం భద్రతకు బాధ్యత శాఖది, తోట, శుభ్రత సంఘానిది అని విడదీసి రాయాలి. స్తంభం పెచ్చు ఎవరి తల మీదనైనా పడితే కాలనీ అధ్యక్షుడు కోర్టు మెట్లెక్కే పరిస్థితి రాకూడదు.

పదో అడుగు: తెరిచిన తర్వాత

ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గాక ఏటా డిసెంబరులో ఇంజనీరును పిలిచి స్తంభాలు, మెట్లు, రెయిలింగులు, నీరు పోయే దారులు తనిఖీ చేయించాలి. పగులు కనిపిస్తే దాని రెండు అంచులకూ అడ్డంగా గాజు పట్టీ అంటించి తేదీ రాయాలి. పట్టీ విరిగితే పగులు పెరుగుతోందని అర్థం, ఆ భాగాన్ని వెంటనే మూయాలి. చుట్టుపక్కల అద్దెలు పెరుగుతున్నాయా, మొదటి పటంలో గుర్తించిన మనుషుల్లో ఎవరైనా కనబడకుండా పోయారా అనేది కూడా అదే నెలలో చూసి, వార్డు సభలో జమాఖర్చులతో పాటు చదవాలి. మరమ్మతుల ఖర్చు ఏడాది నిర్వహణలో మూడో వంతు దాటిన సంవత్సరం కొత్త హంగులేవీ చేర్చకుండా, ఉన్న సొమ్మంతా కట్టడం మీదే పెట్టాలి.